మూడు బిళ్ళల మాట

ఈమధ్య మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు కొందరు సింగపూర్ పాసిర్ రిస్‌లో మా ఇంటికి వచ్చారు. మాటల మధ్యలో ఒకమ్మాయి, ఇన్నేళ్ళ సర్వీసులో మీకు బాగా గుర్తున్న కేసు ఏది ఆంటీ అని అడిగింది. ఆ రోజు సగమే చెప్పగలిగాను. వాళ్ళకి ట్రైనుకి వేళయింది. మిగతా సగం కూడా వాళ్ళకి తెలియాలని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నేను స్పీచ్ థెరపిస్టుని. సింగపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ఒంగోలులో మా వాళ్ళకి నా ఉద్యోగం ఏమిటో చెప్పడం ఎప్పుడూ కష్టంగానే ఉండేది. నత్తి పోగొడతావటగా అనేవాళ్ళు. నిజానికి నత్తి ఉన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చింది చాలా తక్కువ. నా పనిలో సగం మింగడం గురించే. పక్షవాతం వచ్చిన మనిషికి చాలాసార్లు మాటతో పాటు మింగే శక్తి కూడా పోతుంది. పొట్టలోకి వెళ్ళాల్సిన మంచినీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, న్యుమోనియా వస్తుంది. ఎవరు ఏది తినొచ్చు, ఎంత చిక్కగా తాగొచ్చు, ఎవరికి గొట్టం తప్పదు అన్నది మేమే చూసి చెప్పాలి. మిగతా సగం మాట తెప్పించడం. నేను చెప్పబోయే ఆయనకి ఆ రెండూ పోయాయి.

ఆయనది కాకినాడ వైపు. ఒక బ్యాంకులో లెక్కల విభాగంలో చాలాకాలం పనిచేసి, బిషాన్‌లో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డారు. ఉద్యోగం మానేసిన కొన్నాళ్ళకే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది: "అదే". ఆకలా అంటే అదే. నొప్పిగా ఉందా అంటే అదే. ఆ మాటనే కోపంగా, బతిమాలుతున్నట్టుగా, నవ్వుతున్నట్టుగా రకరకాలుగా అనేవారు. మెదడు దెబ్బతిన్నవాళ్ళకి ఇలా ఒక మాట మిగలడం మాకు కొత్త కాదు. కానీ దాన్ని పట్టుకుని మనిషికి లోపల ఎంత తెలుసో చెప్పలేం.

మింగలేరు కాబట్టి పాలు పోయడానికి ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. ఆయన దాన్ని పీకేశారు. మళ్ళీ వేశారు, మళ్ళీ పీకేశారు. అప్పుడు నర్సులు ఆయన ఎడమ చేతికి దూది కుక్కిన సంచిలాంటి తొడుగు కట్టారు. వేళ్ళు కదలవు, ఏదీ పట్టుకోలేరు. గొట్టం పీకే రోగులందరికీ అలాగే కడతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయితే ఆయనకి మిగిలింది ఆ ఒక్క చెయ్యే.

ఆసుపత్రిలో తెలుగు మాట్లాడే థెరపిస్టుని నేనొక్కదాన్నే. అందుకని కేసు నాకు వచ్చింది. మొదటిరోజే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "హమ్మయ్య, మనవాళ్ళే. వదినగారూ, ఈయన చేత రెండు మాటలు అనిపించండి చాలు" అంది. ఊరు కలిసిందో లేదో కూడా చూడకుండా వరస కలిపేసింది. పచ్చళ్ళు, మాటలు రెండూ దండిగా ఉండే మనిషి. ఆయన ఎదురుగానే ఆయన గురించి నాతో చెప్పేది. రాత్రి నిద్రపోయారో లేదో, విరేచనమైందో లేదో, పక్క మంచం ముసలాయనతో పోలిస్తే నయమో కాదో, అన్నీ. రోగి పక్కన కూర్చున్నవాళ్ళు చాలామంది అంతే. ఆ మాటకొస్తే డాక్టర్లూ అంతే, మేమూ అంతే.

నేను ఈ కేసు చూడటం మొదలుపెట్టిన కొత్తలోనే డాక్టరు ఆమెని మంచం దగ్గర నిలబెట్టి ఒక మాట చెప్పారు. ముక్కు గొట్టం ఎక్కువకాలం పనికిరాదు, చిన్న ఆపరేషన్ చేసి నేరుగా కడుపుకి గొట్టం పెట్టొచ్చు, తరవాత మింగడం వస్తే తీసేయొచ్చు అని. ఆమెకి అర్థం కాకపోతే నేను తెలుగులో చెప్పాను. ఆమె చివరిదాకా వినలేదు. "ఉన్న బాధలు చాలవా, పొట్టకి కన్నం కూడానా? వద్దండీ" అంది. డాక్టరు రాసుకున్నారు. ఆ సంగతి అక్కడితో ముగిసింది. నేనూ మళ్ళీ ఎత్తలేదు.

తెలుగులో పాఠాలు మొదలుపెట్టాను. చెంచా బొమ్మ, గిన్నె బొమ్మ, కుక్క బొమ్మ ముందు పెట్టి, చెంచా ఏదండీ అంటే కుక్కని చూపించేవారు. ఇంగ్లీషులోనూ అంతే. మీరు మగవారేనా అంటే తల ఊపి అదే అనేవారు. మీరు ఆడవారా అన్నా తల ఊపి అదే. భార్య ఒకసారి నవ్వి, ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నా నోట్సులో, అవును, కాదు అన్న జవాబులు నమ్మదగ్గవి కావు అని రాశాను. ఈ ఒక్క వాక్యంతో మనిషి తరఫున నిర్ణయాలన్నీ ఇంకొకళ్ళ చేతికి వెళ్ళిపోతాయని మీకు ఇంకా తెలియకపోవచ్చు. మేము రోజూ రాసే వాక్యమే అది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన స్నేహితుడొకాయన వచ్చారు. చైనీస్ ఆయన, ఇన్సూరెన్సు ఏజెంటుగా చేసి రిటైరయ్యారు, వీళ్ళ ఫ్లాటున్న బ్లాకులోనే కింది అంతస్తు. వస్తూనే సంచిలోంచి ఒక గుడ్డ మూట తీశారు. నిండా ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలు. మాటలు కట్టే ఆట అది, పలక మీద అక్షరాలు పేర్చి మార్కులు లెక్కేసుకుంటారు. సాయంత్రాలు వాళ్ళ బ్లాకు కింద ఖాళీ జాగాలో రాతి బల్ల దగ్గర కూర్చుని ఇద్దరూ చాలా ఏళ్ళుగా ఆడుతున్నారట. దోమలు కుట్టినా లేవరు, అన్నం చల్లారినా రారు అని భార్య పాత ఫిర్యాదు ఒకటి తవ్వి తీసింది.

నేనున్నాను కదా అని చేతి తొడుగు విప్పాను. ఆయన కాసేపు వేళ్ళు ముడిచి, చాపి, చూసుకున్నారు. స్నేహితుడు బిళ్ళల్ని మంచం బల్ల మీద పోశారు. ఆయన వాటిని మెల్లగా కెలికి రెండు బిళ్ళలు పక్కపక్కన పెట్టారు. క్యూ, ఐ.

అది మాటేనా అని అడిగాను. మాటేనని స్నేహితుడు నాకు పాఠం చెప్పారు. ఈ ఆటలో క్యూ, జెడ్, ఎక్స్, జె లాంటి అక్షరాలు వస్తే మార్కులు ఎక్కువ, కానీ వాటితో మాటలు తక్కువ. అందుకని ఆడేవాళ్ళు ఆ అక్షరాలున్న చిన్నచిన్న మాటలు వెతికి నేర్చుకుంటారు. క్యూ, ఐ పక్కపక్కన పెడితే చైనా వాళ్ళు చెప్పే ప్రాణశక్తి. "మా మాటే, చీ అంటాం. దాంతో నన్నే ఓడిస్తాడు" అన్నారు ఆయన. ఈలోగా మంచం మీద మరో రెండు మాటలు తయారయ్యాయి. జెడ్, ఓ. జె, ఓ.

చెంచాని గుర్తుపట్టలేని మనిషి ఇంగ్లీషు మాటలు కడుతున్నాడు. పరుగులాంటి నడకతో వెళ్ళి మా విభాగం పెద్దావిడకి చెప్పాను. ఆవిడ స్థానికురాలు, నాకంటే చిన్నది, నాకంటే తెలివైనది, దేనికీ త్వరపడదు. వచ్చి చూసింది. చూసి బయటికొచ్చాక, అది భాష కాకపోవచ్చు, చేతి అలవాటు కావచ్చు అంది. పాటలోని మాటలు గడగడా పాడి మంచినీళ్ళు అడగలేని రోగుల్ని మనం చూడలేదా అంది. ఈ ఆట ఆడేవాళ్ళు అక్షరాల వరసలు బట్టీ పడతారు, అర్థంతో వాళ్ళకి పనిలేదు అని కూడా అంది. నాకు నచ్చలేదు గానీ నిజమే. మాట కట్టడం వేరు, ఆ మాట అర్థమై కట్టడం వేరు.

మర్నాడు స్నేహితుడు వచ్చినప్పుడు ఆ సంగతే కాస్త నిరుత్సాహంగా చెప్పాను. ఆయన ప్లాస్టిక్ సంచిలో కట్టించుకొచ్చిన కాఫీ చేతిలో పట్టుకుని విని, తల అడ్డంగా ఊపారు. "నో లా, కాదు. వీడి దగ్గర అర్థం చెప్పకపోతే సున్నా. వీడి రూలే అది" అన్నారు.

సంగతేమిటంటే, ఆడటం మొదలుపెట్టిన కొత్తలో స్నేహితుడు బట్టీ పట్టిన మాటలతో గెలుస్తుండేవారట. మనది కాని భాషలో మాట వాడుకుంటున్నప్పుడు అదేమిటో తెలియకుండా వాడుకోవడం మర్యాద కాదని ఈయన వాదించి, అర్థం చెప్పగలిగితేనే మార్కులు అని నియమం పెట్టారట. అప్పట్నుంచీ ఇద్దరూ నిఘంటువు ముందేసుకుని కొట్లాడుకునేవారట. బ్లాకులో వాళ్ళు నిజంగా తగువనుకుని ఒకసారి విడదీయడానికి వచ్చారట కూడా.

స్నేహితుణ్ణి అడిగి మాటలకి అర్థాలు రాసుకుని, ఆ రోజు పద్ధతి తిరగేశాను. మాట నేను చెప్పను, అర్థం చెప్తాను, మాట ఆయన పెట్టాలి. ఆవుకీ జడలబర్రెకీ పుట్టిన జంతువు అన్నాను. జెడ్, ఓ పెట్టారు. స్కాట్లాండ్‌లో ప్రియురాలు అన్నాను. జె, ఓ. చెట్టుకి తలకిందులుగా వేలాడే, కాలికి మూడు వేళ్ళుండే జంతువు అన్నాను. చాలాసేపు వెతికి ఎ, ఐ పెట్టారు. తెలుగులో చెప్పినా పెట్టారు, ఇంగ్లీషులో చెప్పినా పెట్టారు. కొన్ని రాలేదు. కొన్నింటికి తప్పు బిళ్ళలు పెట్టి తనే చిరాగ్గా తోసేశారు. పెద్దావిడ మంచం కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని చివరిదాకా నిలబడింది. అయిపోయాక, "సరే, అర్థం ఉంది. ఎంత ఉందో చూడండి" అంది.

చెంచా ఎందుకు రాదు, జడలబర్రె దూడ ఎందుకు వచ్చింది అని నన్ను అడక్కండి. నాకిప్పటికీ తెలియదు. పుట్టుకతో వచ్చిన మాటలు కొట్టుకుపోయి, పెద్దయ్యాక ఇష్టపడి సంపాదించుకున్నవి ఏదో మూల ఆగాయి. అంతవరకే చెప్పగలను.

ఆ తరవాత దారి ఆయనే చూపించారు. ఒకసారి దిండు సరిచేస్తూ, ఇప్పుడు బాగుందా అని అలవాటుగా అడిగితే ఎ, వై పెట్టారు. వెతికి చూస్తే దాన్ని అయ్ అంటారు, పాతకాలపు ఇంగ్లీషులో అవును అని అర్థం. వద్దు అనడానికి ఎన్, ఓ. తల ఊపడం నమ్మలేకపోయినా బిళ్ళల్ని నమ్మొచ్చని నెమ్మదిగా తేలింది. ఒకే ప్రశ్నని అటూ ఇటూ తిప్పి అడిగేదాన్ని. పగలా అంటే అయ్. రాత్రా అంటే నో. అలిసిపోతే తప్పేవారు, పొద్దుటిపూట మాత్రం దాదాపు తప్పేవారు కాదు.

అంతా బాగానే నడుస్తోంది అనుకుంటుండగా తొడుగు వదులైన ఒక పూట ఆయన మళ్ళీ గొట్టం పీకేశారు. గొట్టంలో ఎక్కుతున్న పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. జ్వరంతో కొన్నాళ్ళు బిళ్ళల జోలికి పోలేదు. తేరుకున్నాక డాక్టరు ఒక సమావేశం పెట్టారు. ఇలా ఇక సాగదు, ఏదో ఒకటి నిర్ణయించాలి అని.

డాక్టర్లు మాట్లాడుకుంటున్నది రెండు దారుల గురించే. ఒకటి, ముక్కు గొట్టం, చేతి తొడుగు అలాగే కొనసాగించడం. రెండు, గొట్టం తీసేసి ప్రమాదానికి సిద్ధపడి నోటితో తినిపించడం. అది మనిషి ప్రాణం తీయొచ్చు. కానీ గొట్టం వద్దని మనిషి తెలిసి అంటే ఆ మాట కాదనలేం. ఆయన అన్నిసార్లు పీకారంటే గొట్టం వద్దనే అర్థమని నాకు గట్టి నమ్మకం. స్నేహితుడికీ అదే నమ్మకం. కాఫీ లేకుండా వీడు బతకడు అనేవారు. సమావేశానికి ముందు భార్యని కూర్చోబెట్టి, ఆయన నోటితోనే తింటానంటే ఒప్పుకోవాల్సి ఉంటుంది, మనసు గట్టి చేసుకోండి అని చెప్పాను. ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి చూశాను.

సమావేశం ఆయన మంచం దగ్గరే పెట్టమని అడిగాను. పొద్దున్నే చేరాం. డాక్టరు, మా పెద్దావిడ, భార్య, స్నేహితుడు, నేను. తొడుగు విప్పి దుప్పటి మీద పెట్టాను. ముందు తెలిసిన ప్రశ్నలు. బిషాన్‌లో ఉంటారా అంటే అయ్. బెడోక్‌లో ఉంటారా అంటే నో. డాక్టరు తల పంకించారు.

ముక్కు గొట్టం ఉంచమంటారా అని అడిగాను. నో. అందరం అనుకున్నదే.

నోటితో తింటారా, న్యుమోనియా మళ్ళీ రావచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు అని విడమర్చి చెప్పి అడిగాను. భార్య కళ్ళు మూసుకుంది. ఆయన ఎన్, ఓ బిళ్ళల్ని జరపలేదు. వాటి మీదే వేలు పెట్టి నొక్కారు.

తిప్పి అడిగాను. నోటితో తినడం వద్దా అంటే అయ్. గొట్టం వద్దు, నోటితో తినడమూ వద్దు. డాక్టరు పెన్ను మూత పెట్టారు. మా పెద్దావిడ నా పక్కకి వంగి, రెండూ వద్దంటున్నాడంటే ప్రశ్న అందలేదేమో అని మెల్లగా అంది. ఆవిడ మంచికే అంది. ఆవిడ స్థానంలో నేనుండి, నా ఎదురుగా వేరే థెరపిస్టు ఉంటే, నేనూ అదే అనేదాన్ని. నాలుగు నిమిషాల్లో ఆ కాగితం మీద, సొంతంగా నిర్ణయించుకోలేరు అని పడేది.

ఆయన బిళ్ళల గుట్టలోకి చెయ్యి పెట్టారు. తొందరపెట్టవద్దని చేత్తో సైగ చేశాను. ఎమ్ దొరికింది. ఎ దొరికింది. తరవాత ఎంతో సేపు వెతికి డబ్ల్యూ తెచ్చి చివర పెట్టారు.

ఆ మూడక్షరాల మాటని ఇంగ్లీషులో మా అని పలుకుతారని, క్రూరమృగం నోరు, పెద్ద దవడ అని అర్థమని స్నేహితుడు చెప్పారు. నోరంటున్నాడు కదా, మరి నోటితో తినడం వద్దన్నాడేమిటి అని డాక్టరు. మా పెద్దావిడ మాత్రం, "ఫిష్ మా అంటున్నాడేమో, సూప్ కావాలేమో" అంది. ఇక్కడ చేప పొట్టలోని గాలితిత్తిని ఎండబెట్టి సూప్ కాస్తారు, ప్రతి హాకర్ సెంటర్లోనూ దొరుకుతుంది. స్నేహితుడు నవ్వారు, డాక్టరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అదే, అదే అంటూ అరచేత్తో మంచం అంచు మీద కొట్టారు. ఆ చెయ్యి తెచ్చి బిళ్ళల మీద పెట్టి, అక్కణ్ణించి తన పొట్ట మీదికి జరిపారు.

నేను ఫోన్లో నిఘంటువు తెరుస్తూనే ఉన్నాను. భార్య ముందే అంది. "వదినగారూ, ఆయన పొట్ట చూపిస్తున్నారు."

నిఘంటువులో దవడ అన్నది తరవాతి అర్థం. మొదటి అర్థం జంతువు కడుపు.

దగ్గరికి వంగి, కడుపుకి గొట్టం పెట్టమంటారా అని తెలుగులో అడిగాను. అయ్. కడుపు గొట్టం వద్దా అని తిప్పి అడిగాను. నో. ఇంగ్లీషులో డాక్టరు అడిగారు. అయ్. ఎందుకని నేను అడగలేదు, అడిగినా ఆయన చెప్పలేరు. కానీ ఆయనే దుప్పటి మీదున్న చేతి తొడుగుని వేలితో తోసుకుంటూ మంచం అంచుదాకా తీసుకెళ్ళి కింద పడేశారు.

కడుపుకి గొట్టం ఉంటే ముక్కులో ఉండదు. ముక్కులో లేకపోతే చెయ్యి కట్టక్కర్లేదు. ఆయనకి కావలసింది కాఫీ కాదు, చెయ్యి.

డాక్టరు, కడుపు గొట్టం గురించి ఆయనకి ఎవరు చెప్పారు అని అడిగారు. ఎవరూ చెప్పలేదు. వారాల కిందట ఆయన మంచం పక్కన నిలబడి మేం ఆమెకి చెప్పాం. ఆయన విన్నారు. మొత్తం అర్థం చేసుకున్నారు. మేం ఒక దారి మూసేసి మిగతా రెంటి గురించి తంటాలు పడుతుంటే, ఆ మూసిన దారి కోసం అన్నాళ్ళూ మాట వెతుక్కున్నారు. గట్, పొట్ట, కడుపు, ఏ తేలికైన మాటా ఆయనకి అందలేదు. అందింది అదొక్కటే.

తరవాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. ఆపరేషన్ ఇబ్బంది లేకుండా జరిగింది. ఇంటికి వెళ్ళారు. కొన్ని నెలలకి చిక్కగా కలిపిన కాఫీ మింగగలిగారు, అది కాఫీ కాదని మొహం పెట్టేవారట. ఇంకొన్నాళ్ళకి గొట్టం తీసేశారు. మాట మాత్రం పెద్దగా రాలేదు. రాతి బల్ల దగ్గర ఆట చివరిదాకా సాగింది. అర్థాలు చెప్పలేరు కాబట్టి ఆయనకి నియమం నుంచి మినహాయింపు ఇస్తానని స్నేహితుడంటే ఒప్పుకోక, బొమ్మ వేసో సైగ చేసో అర్థం చూపించి మరీ మార్కులు తీసుకునేవారట. కొన్నేళ్ళ తరవాత ఆయన నిద్రలో పోయారని భార్య ఫోన్ చేసి చెప్పింది. మా విభాగంలో అప్పట్నుంచీ ఒక మార్పు వచ్చింది. రోగి దగ్గర మాట్లాడిన ప్రతి దారీ రోగికి కూడా విడిగా చెప్పాలి, అర్థమైనా కాకపోయినా. ఆ నియమం పెట్టింది మా పెద్దావిడే. నేను మాత్రం ఆ రోజు నుంచి పీకడం అంటే వద్దనడమే అని ఎప్పుడూ రాయలేదు.

ఇక ఆ రోజు చివర్న జరిగిందొకటి ఉంది. నేను పిల్లలకి చెప్పలేకపోయిన సగం అదే.

అందరూ వెళ్ళాక నేను బిళ్ళలు మూటలోకి ఎత్తబోతుంటే, ఉంచండి అంది భార్య. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి వచ్చి ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నాతో కాదు, ఆయనతో మాట్లాడింది. ఆసుపత్రికి వచ్చాక అలా సూటిగా ఆయన మొహంలోకి చూసి ప్రశ్న అడగడం నేనెప్పుడూ చూడలేదు.

"పొట్టకి కన్నం వద్దని నేనన్నప్పుడు విన్నారా?"

ఎ, వై.

"నామీద కోపం వచ్చిందా?"

ఎన్, ఓ బిళ్ళల వైపు ఆయన చెయ్యి వెళ్తుందని నేననుకున్నాను. ఆమె కూడా అనుకుని ఉంటుంది. ఆయన ఎ, వై బిళ్ళల్ని ఆమె వైపుకి జరిపారు.

ఆమె వాటిని చూసింది. తరవాత మొదలుపెట్టింది. కోపమా, మీకా, మరి నేనేం చెయ్యను, నాకెవరు చెప్పారు, ఇన్నాళ్ళూ ఆ అదే తప్ప ఇంకో మాట లేదు, ఆ బిళ్ళలేవో నాకూ నేర్పమని ఎన్నిసార్లు అడిగాను, నీకెందుకే అన్నారు, ఇప్పుడు కోపం వస్తే ఎలా వస్తుంది మీకు, అని గోదావరి యాస మొత్తం బయటికి తీసి ఏకరువు పెట్టింది. ఆయన మధ్యమధ్యలో అదే, అదే అంటూ ఎదురు చెప్తున్నారు. ఎడమ చెయ్యి గాల్లో ఆడుతోంది.

నేను బయటికొచ్చి మంచం చుట్టూ తెర దగ్గరగా లాగాను. లోపల గొంతు ఇంకా పెరిగింది. వార్డు నర్సు గబగబా వచ్చి, ఏమైంది, ఏదైనా సమస్యా అని అడిగింది.

"ఏం లేదు" అన్నాను. "మాట్లాడుకుంటున్నారు."